ఒకే గిన్నెలో అన్నం తిన్న ఇద్దరమ్మాయిలు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర ఒక పల్లె. నాకు ఇద్దరమ్మాయిలు. పెద్దదానికి 21 ఏళ్లు, ఎత్తు 163 సెంటీమీటర్లు, బరువు 47 కిలోలు. చిన్నదానికి 19 ఏళ్లు, ఎత్తు 158. సంక్రాంతికి 61 కిలోలు ఉండేది. ఇద్దరూ ఒకే గిన్నెలో అన్నం, ఒకే కూర తిని పెరిగారు. నిజం చెప్పాలంటే పెద్దదే ఎక్కువ తింటుంది. కాజాలు, జంతికలు ఇంట్లో ఉంటే మిగలనివ్వదు. అయినా వెదురు బద్దలా ఉంటుంది. చిన్నది మా అత్తగారి పోలిక, తుంటి దగ్గర వెడల్పు. మాఘమాసంలో బంధువుల పెళ్లికి అక్క పాత పట్టు జాకెట్టు కుట్లు విప్పించి దీనికి సరిచేయించాను. చంకల దగ్గర పట్టేసింది. అది చూసి మా ఆడపడుచు పదిమందిలో "అక్క వాటా కూడా నువ్వే తింటున్నావా?" అంది. ఆ రోజు నుంచి చిన్నది రాత్రిపూట అన్నం మానేసింది. ఫోనులో ఏవో ప్రశ్నలకు జవాబులిస్తే తనది 'ఎండోమార్ఫ్' శరీరమని వచ్చిందట, అన్నం ముట్టకూడదని అందులో ఉందట. ఇప్పుడు 55 కిలోలు. రెండు నెలలుగా నెలసరి రాలేదు. మొన్న కాలేజీ బస్సు దిగుతూ కళ్లు తిరిగి పడిపోయింది. మా మామగారు సన్నగా ఉండేవారు, షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు. మావారూ సన్నమే, 170 సెంటీమీటర్లు, 66 కిలోలు, ఈ మధ్య కాస్త బొజ్జ వచ్చింది. అత్తగారికి 76 ఏళ్లు, బీపీ తప్ప మరేమీ లేదు. నా పెంపకంలో ఎక్కడ తప్పు జరిగింది? చిన్నదానికి అన్నం ఎంతవరకు తగ్గించాలి? శ్రావణంలో మళ్లీ ఇంకో పెళ్లి ఉంది, భయంగా ఉంది.

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన రెండు ప్రశ్నలకు తర్వాత వస్తాను. అడగకుండా మధ్యలో రాసిన రెండు వాక్యాల సంగతి ముందు చూడాలి. నెలసరి రెండు నెలలుగా రాలేదన్నారు, బస్సు దిగుతూ పడిపోయిందన్నారు. చిన్నమ్మాయిని ఈ వారమే డాక్టరుకు చూపించండి. శ్రావణం దాకా ఆగవద్దు.

ఒంటికి సరిపడా తిండి అందనప్పుడు మెదడు ముందుగా పక్కన పెట్టే పనుల్లో నెలసరి ఒకటి. ప్రాణం నిలవడానికి అది అత్యవసరం కాదు కాబట్టి ఆపేస్తుంది. అంటే మీ అమ్మాయి శరీరం ఇప్పుడు కరువులో ఉన్నట్టు నడుచుకుంటోంది. అయితే అదొక్కటే కారణమని ఉత్తరం చదివి నేను తేల్చలేను. థైరాయిడ్ తేడా వల్లా, అండాశయాల్లో నీటి బుడగలనే పీసీఓఎస్ సమస్య వల్లా నెలసరి తప్పుతుంది. అందుకే రక్తం ఎంత ఉందో, థైరాయిడ్ ఎలా ఉందో చూపించాలి. కళ్లు తిరిగింది కనుక బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడమనండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టినా చాలు. వెళ్లినప్పుడు రాత్రి అన్నం మానేసిన సంగతి దాచకుండా చెప్పండి. తల్లులు డాక్టరు ముందు "బాగానే తింటుందండీ" అనేస్తారు, దాంతో సగం పరీక్ష తప్పుదారి పడుతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. మీ పెంపకంలో తప్పు లేదు. ఈ మాట ఓదార్పు కోసం అనడం లేదు. బిడ్డకు జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి కానీ, ఆ సగంలో ఏ ముక్కలు వస్తాయన్నది ఒక్కో కాన్పుకు ఒక్కో తీరు. పెద్దమ్మాయికి తాతగారి పొడవు, సన్నని ఎముక వచ్చినట్టున్నాయి. చిన్నమ్మాయికి మామ్మగారి తుంటి ఎముక వెడల్పు వచ్చింది. ఎముక వెడల్పు తిండితో రాదు, పస్తుతో పోదు. మీ పెరట్లో దేశవాళీ కొబ్బరి పక్కన గంగబొండాం ఉంటే రెండింటికీ ఒకే కాలువ నీళ్లు పెడతారు. గంగబొండాం పొట్టిగానే ఉంటుంది. నీళ్లు తక్కువయ్యాయని ఎవరూ అనుకోరు, అది ఆ రకం అంటారు.

ఒకే తిండి వేర్వేరు ఒళ్లలో వేర్వేరుగా పనిచేస్తుందని గట్టిగా చూపించిన పరిశోధన ఒకటుంది. కెనడాలోని క్విబెక్‌లో 12 జతల కవల యువకులను, అదీ అచ్చుగుద్దినట్టుండే కవలలను ఎంచుకుని, 84 రోజుల పాటు రోజుకు 1,000 కేలరీలు అదనంగా తినిపించారు. 1990లో ఫలితాలు వచ్చాయి. అందరూ తిన్న అదనం ఒకటే. కానీ ఒకతను నాలుగు కిలోల పైచిలుకు పెరిగితే ఇంకొకతను పదమూడు కిలోలు దాటాడు. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఒకే జతలోని ఇద్దరు కవలలు చాలావరకు దగ్గరదగ్గరగా పెరిగారు. ఒక జతకూ మరో జతకూ మధ్యే తేడా ఎక్కువ. మీ అమ్మాయిలు కవలలు కారు. మీ ఆడపడుచు అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. చిన్నమ్మాయి అక్క వాటా తినలేదు, తన వాటా తనకు అలా వంటబట్టింది.

ఎండోమార్ఫ్ అన్న మాట గురించి మీ అమ్మాయికే నేరుగా చెప్పాలని ఉంది, ఈ భాగం తనకు చదివి వినిపించండి. విలియం షెల్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1940లో ఆ పేర్లు పెట్టాడు. కాలేజీ కుర్రాళ్లను బట్టలు లేకుండా నిలబెట్టి ఫొటోలు తీసి, వాటిని కొలిచి, గుండ్రని ఒళ్లు, కండగల ఒళ్లు, బక్క ఒళ్లు అని మూడు లక్షణాలు చెప్పాడు. గుండ్రంగా ఉండేవారు సుఖానికి అలవాటుపడ్డవారని, బక్కవారు బిడియస్తులని, ఒంటి తీరు చూసి గుణం చెప్పేయవచ్చని కూడా అన్నాడు. ఆ గుణాల లెక్క నిలబడలేదు, శాస్త్రం దాన్ని ఏనాడో వదిలేసింది. ఆ పేరు కూడా గర్భంలో పిండానికి ఉండే లోపలి పొర నుంచి తీసుకున్నది. ఆ పొర నుంచి పేగుల లోపలి గోడలు తయారవుతాయి. గుండ్రంగా ఉన్నవారిలో పేగులదే పెత్తనమని ఆయన ఊహ. ఒంట్లో కొవ్వు తయారయ్యేది ప్రధానంగా ఆ పొర నుంచి కాదు, మధ్య పొర నుంచి. ఇంకో సంగతి, షెల్డన్ కూడా మనిషిని ఒక్క పెట్టెలో పడేయలేదు. మూడింటికీ 1 నుంచి 7 వరకు మార్కులు వేసి, ప్రతి మనిషిలోనూ మూడూ కలిసి ఉంటాయన్నాడు. తర్వాత 1967లో ఆ పద్ధతిని సంస్కరించి క్రీడాకారుల ఒంటి తీరును వర్ణించడానికి వాడుతున్నారు. పరుగు పందెగాడికీ మల్లయోధుడికీ తేడా చెప్పడానికి అది పనికొస్తుంది. దాన్ని పట్టుకుని పందొమ్మిదేళ్ల పిల్లకు అన్నం మానమని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. నాలుగు ప్రశ్నలు వేసి ఫోను ఇచ్చిన తీర్పు కోసం ఒక ఆడపిల్ల నెలసరి పోగొట్టుకుందంటే నాకు చాలా బాధగా ఉంది.

మన పెద్దలూ ఒళ్ల తీరులోని తేడాలు గమనించారు. వాతం, పిత్తం, కఫం అని ప్రకృతులు చెప్పారు. వాటి మంచిచెడ్డల్లోకి ఇప్పుడు వెళ్లను. ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. చరక సంహితలో మెచ్చని శరీరాలంటూ ఎనిమిది చెప్పినచోట, మరీ లావు పక్కనే మరీ సన్నం కూడా ఉంది. మన ఇళ్లలో ఆ రెండోది మరిచిపోయాం.

అందుకే మీ పెద్దమ్మాయి దగ్గరికి వస్తున్నాను. తన గురించి మీరు ప్రశ్నే అడగలేదు. తిన్నా లావెక్కదని మురిపెంగా రాశారు. నాకు ఆ ఉత్తరంలో చిన్నమ్మాయి తర్వాత ఆందోళన కలిగించింది ఆ మురిపెమే.

లెక్క మీరే వేయండి. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, బరువును ఆ వచ్చినదానితో భాగించాలి. దీన్నే బీఎంఐ అంటారు. పెద్దమ్మాయికి 17.7 వస్తుంది. 18.5 కన్నా తక్కువైతే తక్కువ బరువే. చిన్నమ్మాయికి సంక్రాంతి నాటికి 24.4. మన భారతీయులకు 23 దాటితే కాస్త జాగ్రత్త పడమంటారు, 25 దాటితే ఊబకాయం కింద లెక్కిస్తారు. అంటే పెళ్లిలో పదిమంది చూసి నవ్విన ఆ ఒళ్లు హద్దుకు కొంచెం పైన ఉంది, అంతే. ఎవరూ పల్లెత్తు మాట అనని పెద్దమ్మాయి ఒళ్లు కూడా హద్దు దాటే ఉంది, కిందివైపు. ఈ బీఎంఐ లెక్కకు మూలం 19వ శతాబ్దంలో బెల్జియంలో క్వెట్లే అనే గణిత శాస్త్రవేత్త జనాభా మొత్తాన్ని గమనించి చెప్పిన సూత్రం. బీఎంఐ అన్న పేరు 1972లో వచ్చింది. గుంపును అంచనా వేయడానికి పుట్టింది కనుక ఒక్క మనిషి విషయంలో అది సగం మాటే చెబుతుంది. ఒంట్లో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ ఉంది అన్నది దానికి తెలియదు.

ఆ మిగతా సగం ఎంత ముఖ్యమో ఇద్దరు డాక్టర్ల ఫొటో ఒకటి చెబుతుంది. పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లో జాన్ యడ్‌కిన్, ఇద్దరూ షుగర్ వ్యాధి మీద పనిచేసేవారు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు శాతం కొలిస్తే యడ్‌కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. చూడటానికి ఇద్దరూ సన్నమే. మనవారి సన్నదనం లోపల కొవ్వు దాక్కుని ఉంటుందని దీనివల్ల తేలిగ్గా అర్థమవుతుంది. అది పుట్టుకతోనే మొదలవుతుందని కూడా పుణె పరిశోధకులే చూపించారు. అక్కడి పల్లెల్లో శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ శిశువులది 3.5. మన శిశువుల్లో కండ, అవయవాల బరువు బాగా తగ్గింది కానీ, వీపు దగ్గరి కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు.

నేను ఈ డెల్టాలో 30 ఏళ్లుగా వైద్యం చేస్తున్నాను. చేపల చెరువు గట్టు మీద మేత చల్లే పని చేసే ఒకాయన వచ్చాడు ఒకసారి. యాభై దాటినవాడు. చొక్కా తీస్తే పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, వాటి కింద చిన్న కుండ బోర్లించినట్టు పొట్ట. మడమ మీద పగులు రెండు నెలలుగా మానలేదు. ఏదో పసరు కట్టుకుని, దాని మీద ప్లాస్టిక్ సంచి చుట్టుకుని చెరువు పనికి వెళ్తున్నాడు. షుగర్ చూస్తే 380. "నాకు షుగరేమిటి డాక్టరుగారూ, ఒంట్లో పట్టుమని కండే లేదు కదా" అన్నాడు. ఆ మాట నాకు ఎన్నిసార్లు వినిపించిందో. షుగర్ అంటే లావుగా ఉన్నవారి జబ్బని మనవారి నమ్మకం. కండ లేకపోవడమే అతని ఇబ్బంది. తిన్న అన్నంలోని చక్కెరను ఎక్కువగా తీసుకుని దాచుకునేది కండే. ఆ గిడ్డంగి చిన్నదైతే సరుకు రక్తంలోనే నిలిచిపోతుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి చూడండి. మామగారు సన్నగా ఉండి షుగర్‌తో వేలు పోగొట్టుకున్నారు. మీవారు సన్నగా ఉంటూ బొజ్జ పెంచుతున్నారు, బీఎంఐ 22.8, కాగితం మీద ఏ లోటూ లేదు. అత్తగారు జీవితమంతా వెడల్పు తుంటితో ఉండి 76 ఏళ్లకు ఆరోగ్యంగా ఉన్నారు. ఒక్క ఇంటిని చూసి సూత్రం కట్టలేం గానీ, వైద్యానికి తెలిసినదానితో ఇది సరిపోతోంది. తుంటి దగ్గర, తొడల దగ్గర చేరే కొవ్వు కన్నా కడుపులో చేరే కొవ్వు ఎక్కువ చేటు. ఈ తేడాను జాన్ వాగ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1947లోనే గుర్తించాడు. అందుకని మీ ఇంట్లో షుగర్ పరీక్ష మొదట చేయించవలసింది మీవారికి. తర్వాత పెద్దమ్మాయికి, మూడు నెలల సగటు చెప్పే పరీక్షతో పాటు రక్తం పరీక్ష కూడా. ఎంత తిన్నా బరువు పెరగడం లేదంటే ఆమెకు కూడా థైరాయిడ్ చూడాలి. పొట్టలో నులిపురుగులు ఉన్నాయేమో కూడా చూస్తారు. చాలావరకు ఏమీ ఉండదు, తాతగారి పోలిక అని తేలుతుంది. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పెద్దమ్మాయి కింది కనురెప్ప కాస్త లాగి చూడండి. ఎర్రగా ఉందా, పాలిపోయి ఉందా? ఎర్రగా కనిపించినా పరీక్ష మానకండి.

మీ కుట్టుమిషను సొరుగులో టేపు ఉండే ఉంటుంది. అదే మంచి పరికరం. పొద్దున ఏమీ తినకముందు నిటారుగా నిలబెట్టి, చివరి పక్కటెముక దగ్గర ఒక వేలు, తుంటి ఎముక పైఅంచు మీద మరో వేలు పెట్టండి. ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. లంగా బొందు కట్టేచోట కాదు, బొడ్డు మీద కాదు. ఊపిరి మామూలుగా వదిలాక చదవండి, కడుపు లోపలికి పీల్చనివ్వకండి. మన దేశంలో ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే లోపలి కొవ్వు పెరుగుతోందని అర్థం. ఒక్క షరతు. అందరినీ కొలవండి. మీవారిని, పెద్దమ్మాయిని, మిమ్మల్ని కూడా. చిన్నమ్మాయి ఒక్కదాని నడుముకే టేపు చుడితే అది ఇంకో పెళ్లి పందిరిలో నిలబెట్టినట్టే అవుతుంది. పైగా ఇది ఆర్నెల్లకు ఒకసారి చూసుకునే కొలత, రోజూ చూసుకునేది కాదు. బరువు తూచే మిషను ఇంట్లో ఉంటే కొన్నాళ్లు అటక మీద పెట్టేయండి.

అన్నం విషయం. చిన్నమ్మాయికి అన్నం తగ్గించమని నేను చెప్పను. ముందు రాత్రి భోజనం తిరిగి రావాలి. మీ ఊరికి ఎంతో దూరం లేని మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి ఎన్నో రాష్ట్రాల పొలాలకు పాకింది. అన్నం మన డెల్టాకు శత్రువు ఎలా అవుతుంది? కానీ మన కంచంలో ఒక లోపం ఉంది. గుట్టగా అన్నం, పక్కన చెంచాడు కూర, ఆపైన పచ్చడి. పనిమంతులు తెల్లవారుజామున నాట్లకు వెళ్లి సాయంత్రం వచ్చిన రోజుల కంచం అది. ఇప్పుడు బస్సులో వెళ్లి బెంచీ మీద కూర్చునే పిల్లలకు అదే కంచం పెడుతున్నాం. కాబట్టి ఒక్క చిన్నమ్మాయి కంచం కాదు, ఇంట్లో అందరి కంచాలూ మార్చండి. పప్పు గరిటెడు కాదు, కప్పు నిండా. తోటకూరో గోంగూరో రోజూ ఏదో ఒక ఆకుకూర. మీ ప్రాంతంలో చేపకు కొదవేముంది, పులుసులో ముక్కలు పిల్లలకు రెండేసి వేయండి. గుడ్డు, పెరుగు తప్పనిసరి. ఇవన్నీ వడ్డించాక మిగిలిన జాగాలో అన్నం పెడితే ఎవరికి ఎంత కావాలో ఆకలే చెబుతుంది. పెద్దమ్మాయికి కాజాల బదులు వేయించిన వేరుశనగ గుళ్లు, నువ్వుండలు, సాయంత్రం ఒక గ్లాసు పాలు. సన్నగా ఉందని తీపి అదుపు లేకుండా తిననివ్వడం తాతగారి దారిలో నడిపించడమే.

ఇద్దరికీ కండ కావాలి. సాయంత్రం కాలువ గట్టు మీద అరగంట వేగంగా నడవమనండి, తోడుగా మీరూ వెళ్లండి. వారానికి రెండు మూడు రోజులు గుంజీలు, నీళ్ల బిందెలు ఎత్తడం వంటి బరువు పనులు. చిన్నమ్మాయి మాత్రం నెలసరి తిరిగి వచ్చి, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. ఇది సన్నబడటానికి కాదని తనకు ముందే చెప్పండి.

తిండి దగ్గర ఇంకొన్ని గమనించండి. అన్నం తిన్న వెంటనే స్నానాల గదిలోకి వెళ్లి ఎక్కువసేపు ఉంటోందా? అందరితో కలిసి తినడం తప్పించుకుంటోందా? అద్దం ముందు కడుపు పట్టుకుని చూసుకుంటోందా? వీటిలో ఏది ఉన్నా కోప్పడకండి, భయపెట్టకండి. డాక్టరుకు చెప్పండి. మనసు గురించి మాట్లాడటానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఉచిత నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు.

మీ ఆడపడుచుతో మాట్లాడవలసింది మీరు కాదు, మీవారు. ఆయన తోబుట్టువు కాబట్టి ఆయన చెబితే గొడవగా మారదు. "పిల్ల ఆ మాటకు అన్నం మానేసి పడిపోయింది, ఇకమీదట దాని ఒంటి గురించి ఎవరూ మాట్లాడొద్దు" అంటే చాలు. ఆమె కూడా చెడ్డ మనిషి కాకపోవచ్చు, పెళ్లిళ్లలో నోటికి వచ్చే సరదా మాటే అనుకుని ఉంటుంది. పిల్ల పడిపోయిందని తెలిస్తే బాధపడుతుంది. పెద్దమ్మాయిని ఎవరైనా "గాలికి ఎగిరిపోతావు" అంటే వారికి కూడా ఇదే మాట. ఇంట్లో మీరు మానవలసిన మాట కూడా ఒకటుంది, మీరు రాయకపోయినా ఊహించగలను. "అక్కను చూసి నేర్చుకో." నేర్చుకోవడానికి అక్క చేసిందేమీ లేదు. తాతగారి ఎముకతో పుట్టింది, అంతే.

శ్రావణంలో పెళ్లి అన్నారు కదా. ఈసారి పాత జాకెట్టు కుట్లు విప్పించకండి. కొత్త గుడ్డ కొని, చిన్నమ్మాయిని వెంటబెట్టుకుని దర్జీ దగ్గరికి వెళ్లి ఆ రోజుకున్న కొలతలు ఇప్పించండి. కాస్త వదులుగా కుట్టమనండి. రాత్రి అన్నం తినడం మొదలుపెట్టాక పోయిన ఆరు కిలోల్లో కొన్ని తిరిగి వస్తాయి, రావాలి కూడా. లోపల రెండు వేళ్ల గుడ్డ వదలమని దర్జీకి చెప్పండి.